గల్లీలో వేసిన పట్నం

తెలంగాణ పల్లెల్లో పట్నం అంటే హైదరాబాదు. ఒగ్గు పూజారులకు మాత్రం పట్నం అంటే మల్లన్న ముందు నేల మీద వేసే రంగుల ముగ్గు. ఈ రెండు పట్నాలూ ఒకచోట కలవడం హైదరాబాదులోని కొత్తపేటలో ఒక గల్లీలో చూశాను.

సిమెంటు నేలను కడిగి ఆరబెట్టారు. ఒగ్గు కళాకారుడు గొంతుక్కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి బియ్యప్పిండి జార్చుతూ గీత మొదలుపెట్టాడు. సుద్దముక్కతో గుర్తులు పెట్టలేదు, తాడుతో కొలవలేదు. తెల్ల గీత మీద పసుపు, ఆ పక్కన కుంకుమ, ఆకుపచ్చ పొడి. వేసిన గీత చెదరకుండా నడుము వంచే వెనక్కి వెనక్కి జరుగుతూ పోయాడు. గంట తిరిగేసరికి గల్లీ వెడల్పంతా పట్నం పరుచుకుంది.

ఒగ్గు అంటే శివుడి ఢమరుకం. జగ్గు అని కూడా అంటారు. గొల్ల కురుమల ఇళ్లలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే వాళ్ల చేతిలో ఉండేది అదే. ఈ ఒగ్గు కథకు తెర అక్కర్లేదు, పాత్రకో వేషం అక్కర్లేదు. ప్రధాన కథకుడు, వంతపాటగాళ్లు, డోలు, తాళాలు, ఉంటే నపీర అనే ఊదే వాద్యం. అప్పటిదాకా మల్లన్నగా గర్జించినవాడు భుజం మీది తువ్వాలు నెత్తిన కప్పుకోగానే మల్లన్న భార్య మేడలమ్మ అవుతాడు. తువ్వాలు నడుముకు చుట్టాడంటే మళ్లీ కథకుడే.

వంత అంటే పల్లవి అందుకోవడమే అనుకునేవాణ్ని. కాదు. వంతగాడు ‘ఆఁ’ కొడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, వింటున్న మన సందేహాన్ని మనకన్నా ముందు అడిగేస్తాడు. అవసరమైతే కేతమ్మ అయి మేడలమ్మతో సవతి పోరుకు దిగుతాడు. వచనం వేగం అందుకుని ఏ మాట దగ్గర పాటలోకి దూకుతుందో డోలు వాయించేవాడికి ముందే తెలియాలి. ఈ విద్య మేళంలో తిరుగుతూ, తాళం వేస్తూ, వంత పాడుతూ ఏళ్ల మీద ఒంటబట్టాలి. జనగామ వైపు మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఈ కథను దేశమంతా వినిపించి 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017లో ఆయన కన్నుమూశారు.

కొత్తపేట వైపు ఎల్బీనగర్, గడ్డిఅన్నారం 2007 దాకా వేరే మున్సిపాలిటీలు. అంతకుముందు ఈ చుట్టుపక్కలవన్నీ ఊళ్లే. గ్రేటర్ హైదరాబాదులో కలిశాక, 2018లో మెట్రో వచ్చాక ఊరి ఆనవాళ్లు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లలో నల్లగొండ నుంచి, జనగామ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. వేర్వేరు ఊళ్ల మనుషుల్ని ఒక వాకిట్లో కూర్చోబెట్టగలిగినవి ఆషాఢ బోనాలు, మల్లన్న పట్నాలు. సంక్రాంతి తర్వాత కొమురవెల్లి మల్లన్న జాతరలో మొదటి ఆదివారాన్ని పట్నంవారం అంటారు. అది హైదరాబాదు భక్తులది. ఆ మరుసటి ఆదివారం లష్కర్‌వారం, సికింద్రాబాదు వాళ్లది. నగరానికి జాతరలో తన రోజంటూ ఉందన్న సంగతి ఈ కాలనీల పిల్లలకు చెప్పేది ఒగ్గు బృందాలే.

నా బాధ ఒక్కటే. డోలుకు పిలుపులు పెరిగాయి, కథకు తగ్గాయి. బోనాల ఊరేగింపులో, రాజకీయ ర్యాలీలో, పెళ్లి బరాత్‌లో డోళ్లు మోగుతున్నాయి. అది కళాకారులకు కూడు పెడుతోంది, దాన్ని తప్పుపట్టను. కానీ డోలు ఒక్కటే మిగిలితే తువ్వాలు మేడలమ్మ అయ్యే ఆ క్షణం పోతుంది, అడ్డు ప్రశ్న వేసే వంతగాడు పోతాడు. కాలనీ సంఘాల వాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను: ఊరేగింపుకు పిలిచిన బృందాన్నే ఆ రాత్రి కూర్చోబెట్టి కథ చెప్పించండి. తెల్లవార్లూ కాకపోతే మూడు గంటలైనా.

ఆ రాత్రి కొత్తపేటలో కథ నడుస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి హాస్టల్‌కు వెళ్తున్న పిల్లలు భుజాన బ్యాగులతోనే ఆగి నిలబడ్డారు. వాళ్లలో ఒకమ్మాయి, మల్లన్న గుర్రమెక్కే ఘట్టానికి, మెట్ల మీద చోటు అడిగి కూర్చుంది. చివర్లో ఒగ్గువాళ్లు డోళ్లతో ఆడుతూ పట్నాన్ని తొక్కారు. అంతసేపు వేసిన గీతలన్నీ కలిసి ఎర్రటి, పచ్చటి మట్టి అయ్యాయి. ఆడవాళ్లు వంగి ఆ బండారి పొడి పిడికెడు తీసి కొంగున కట్టుకున్నారు. కొంగు లేని ఆ అమ్మాయి నోటుబుక్కులోంచి కాగితం చింపి పొట్లం కట్టుకుంది.