తాలింపు లేని చారు

హబ్సిగూడలో నేను తినే మెస్సుకి మార్కులు వేసేది చారుని బట్టే. ఇంగువ, ఎండుమిర్చి వాసన మెట్ల దాకా రావాలి. ఇదే ముక్కేసుకుని ప్రాజెక్టు పని మీద ఆరు వారాలు మనీలా వెళ్ళాను.

ఆఫీసు వెనక సందులో ఒక కరిన్‌డెర్యా ఉండేది. మన కర్రీ పాయింటుకి రెండు బల్లలు తగిలిస్తే అదే. ఇలాంటివాటిని 'టురో-టురో' అని కూడా అంటారు. భాష రాకపోయినా పర్లేదు, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. నేను సినిగాంగ్‌ని చూపించా. పచ్చి చింతకాయ పులుపు, ముల్లంగి, బెండకాయ, మన చెరువుల్లో పెరిగే తూటికూర, పంది మాంసం (అమ్మకి ఇంకా చెప్పలేదు). ఆవాలు లేవు, పసుపు లేదు. "మన చారే, తాలింపు మర్చిపోయారు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టా. అందరూ నవ్వారు.

ఇప్పుడు చూస్తే అది చెత్త సమీక్ష. తెలంగాణ భాషలో రాసిన కథ చదివి "భాష కాస్త సరిచేసుకుంటే బావుండేది" అనే పెద్దమనుషుల మీద మనం ఎంత మండిపడతాం! నేను చేసిందీ అదే. లేనిదాన్ని లెక్కపెట్టా, ఉన్నదాన్ని రుచి చూడలేదు.

మూడోరోజు పక్కనున్నాయన చిన్న గిన్నె నా వైపు జరిపాడు. పాతిస్, అంటే చేపలతో చేసే ఉప్పటి ద్రవం, అందులో నలిపిన మిరపకాయ. ముక్క అద్దుకుని తిని, పులుసు తాగా. అప్పుడు తెలిసింది, ఆ వంట కావాలనే సగంలో ఆపారని. ఇలా అద్దుకునేవాటిని సావ్‌సావన్ అంటారు. డొరీన్ ఫెర్నాండెజ్ (1934–2002) సాహిత్యం, నాటకం చదివి, బోధించి, తిండి మీద కూడా విమర్శ రాసిన మనిషి. ఆవిడ దృష్టిలో సావ్‌సావన్ అంటే తినేవాడు కూడా వంటలో చెయ్యి వేయడం. వండినవాళ్ళు దాన్ని అవమానం అనుకోరు. మన ఇళ్ళలో వడ్డించాక ఉప్పు అడిగి చూడండి!

అన్నం దగ్గర మాత్రం నా ఓటు మెస్సుకే. అక్కడ కప్పు లెక్క, రెండో కప్పుకి మళ్ళీ డబ్బులు. ఒంటిగంట దాటితే కూరలు చల్లారిపోయేవి కూడా.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది మూతలు. వచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళు గిన్నెల మూతలు ఎత్తి, వంగి, వాసన చూసి ఎంచుకునేవాళ్ళు. సెక్యూరిటీ గార్డూ, మా మేనేజరూ అంతే. మొదటివారం నా చెయ్యి లేవలేదు. మా నానమ్మ వంటింట్లో ఏ గిన్నె మూత ఎవరు ముట్టుకోవచ్చో పెద్ద లెక్క ఉండేది. పొలం పనికొచ్చినవాళ్ళకి పెరట్లో, పైనుంచి పోసేవాళ్ళు. ఆ లెక్క పేరు కులం అని నాకు ఇంజినీరింగ్‌లో గానీ అర్థం కాలేదు. టగాలోగ్‌లో 'టురో' అంటే వేలితో చూపించడమే కాదు, నేర్పించడం కూడానట.

తిరిగొచ్చాక మెస్సుకెళ్ళి, అలవాటులో చారు గిన్నె మూత ఎత్తబోయా. వడ్డించే అన్న చెయ్యి అడ్డం పెట్టి, "మీరు కూర్చోండి సార్, నేను పోస్తా" అన్నాడు.