తీగ మోసే మంచు

హైవోల్టేజీ తీగల మీద మంచు ముఖ్యంగా రెండు రకాలుగా పేరుకుంటుంది. పొగమంచు తుంపర గాలికి కొట్టుకొచ్చి అంటుకుంటే తెల్లగా, గుల్లగా కడుతుంది. సున్నా డిగ్రీల కిందికి చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్న వాన చినుకు తీగను తాకగానే గడ్డకడితే గాజులా గట్టిపడుతుంది. మందం ఒకటే అయితే బరువెక్కువ ఈ రెండోదానిదే. 30 మిల్లీమీటర్ల లావు తీగ చుట్టూ 25 మిల్లీమీటర్ల మందాన అది పడితే మీటరుకు దాదాపు 4 కిలోలు అదనం. 300 మీటర్ల ఎడంలో ఉన్న రెండు టవర్ల నడుమ టన్ను పైమాటే. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో రోజుల తరబడి ఇలాంటి వాన కురిసి టవర్లు వందల్లో కూలాయి, దాదాపు 14 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది.

మంచును పసిగట్టడానికి సూటి మార్గం తూకం. టవరు చేతికి, ఇన్సులేటర్లకు మధ్య లోడ్ సెల్ బిగిస్తారు. మన ఊళ్లలో లారీలను తూచే వేబ్రిడ్జి కింద ఉండేదీ ఈ జాతిదే. అయితే ఇక్కడ తూకం అంత తేలిక కాదు. గాలి తీగను పక్కకు తోస్తే సెల్ మీద లాగుడు పెరుగుతుంది, అది మంచు కాదు. అందుకే ఇన్సులేటర్ల వాలును కొలిచే సెన్సరు తోడుండాలి. ఆ కోణంతో నిలువు బరువును విడదీస్తారు. చలికి తీగ కుంచించుకుని బిగుసుకున్నా, పక్క టవర్ల ఎత్తుల్లో తేడా ఉంటే ఒక్కో టవరు మీద పడే వాటా మారుతుంది. కనుక ఉష్ణోగ్రత లెక్క కూడా కలపాల్సిందే.

తూకం ఎంత పేరుకుందో చెబుతుంది. ఎంత వేగంగా పేరుకుంటోందో తెలిపేందుకు విమానాల నుంచి వచ్చిన పరికరం ఉంది: సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపించే చిన్న కడ్డీ. మంచు అంటితే కంపనం నెమ్మదిస్తుంది. నిర్ణీత మందం రాగానే హీటరు దాన్ని కరిగించి లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. గంటకు ఇది ఎన్నిసార్లు జరిగిందన్నదే కొలత.

కెమెరా కంటికి ఆనే సాక్ష్యం కాబట్టి ఇంజినీర్లకు ఇష్టం. కానీ అవసరమైన రాత్రే దాని అద్దానికీ మంచు పడుతుంది. సోలార్ పలక కప్పుకుపోతే బ్యాటరీ కూడా ఆగుతుంది. తీగలో పారే కరెంటు నుంచే కాస్త విద్యుత్తు లాక్కునే సెన్సర్లు ఈ విషయంలో నయం, లైనులో తగినంత కరెంటు పారుతున్నంతసేపు.

మంచు బరువు హద్దు దాటుతోందని తెలిస్తే లైను ఖాళీ చేసి, భారీ డీసీ కరెంటు పంపి తీగను వేడిచేస్తారు. క్యుబెక్‌లోని లెవీ సబ్‌స్టేషన్‌లో అందుకు ప్రత్యేక ఏర్పాటుంది. మంచు ఒక వైపు ముందుగా రాలితే తీగ ఎగిరిపడి పైనున్న మరో ఫేజు తీగను తాకవచ్చు, టవరును రెండో వైపు బరువు లాగవచ్చు. అందువల్ల చివరి పెళ్ల రాలేదాకా లోడ్ సెల్ అంకెలను గమనిస్తూనే ఉంటారు.