కీ ఇచ్చేదొకరు, టైము చూసేదొకరు

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో డిజైన్ కోర్సు చదువుతోంది. మొన్న దసరా సెలవులకు కోదాడలో ఇంటికి పోతూ దారిలో సూర్యాపేటలో దిగి, మా ఇంట్లో ఒక రోజు ఉంది. సంచిలోంచి ఒక చార్టు తీసి నా ముందు పరిచింది. "ఆడవాళ్ల కోసం ఫ్యాషన్ ఆటోమేటిక్ వాచీ పెద్దమ్మా. చివరి ఏడాది ప్రాజెక్టు. ఎట్లుందో చెప్పు" అంది.

అందంగానే ఉంది. సన్నటి బంగారు రంగు తీగె, మధ్యలో చింతగింజంత డయలు. అంకెల్లేవు, వాటి చోట నాలుగు తెల్ల రాళ్లు. కానీ టైమెంతో మాత్రం కళ్లజోడు పెట్టుకున్నా నాకు కనిపించలేదు. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, వాచీల సంగతి నాకేం తెలుసు? అయితే కథ చదివినా కవిత చదివినా నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది. దీన్ని ఎవరిని మనసులో పెట్టుకుని చేశారు? ఆ ప్రశ్న వాచీని కూడా అడగొచ్చనిపించింది.

ఆటోమేటిక్ అంటే బ్యాటరీ ఉండదు, రోజూ కీ ఇవ్వనక్కర్లేదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువైన బిళ్ల ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరుగుతూ స్ప్రింగును బిగిస్తుంది. తీసి పక్కన పెడితే చాలా వాచీలు రెండు రోజుల్లోపే ఆగిపోతాయి. అంటే అది పెట్టుకున్న మనిషి కదలిక మీద, శ్రమ మీద బతుకుతుంది. మామూలు ఆటోమేటిక్ యంత్రం వెడల్పు సుమారు 26 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల వాచీల కోసం దాన్ని 17 దాకా కుదించారు. బిళ్ల మందం మార్చకుండా వెడల్పును మూడింట రెండు వంతులకు తగ్గిస్తే, దాన్ని తిప్పే బలం మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. చిన్నదాన్ని చేసిన కొద్దీ అదే స్ప్రింగును బిగించడానికి చెయ్యి ఎక్కువ ఆడాలి. ఆడదాని వాచీ చిన్నగానే ఉండాలన్న పట్టుదలకు కట్టాల్సిన ధర ఇది.

ఈ పట్టుదల ఎక్కడిది? నిజానికి చేతి గడియారం మొదట ఆడవాళ్లదే. నేపుల్స్ రాణి కరోలిన్ మురా 1810లో పారిస్‌లోని బ్రెగే దగ్గర చేతికి కట్టుకునే గడియారం చేయించుకుంది. మగవాళ్లు గడియారాన్ని జేబులో పెట్టుకునేవారు; చేతికి కట్టుకోవడం ఆడవాళ్ల సింగారమనుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు జేబు తడుముకునే తీరిక లేకపోయాక అది మగవాళ్ల చేతికీ ఎక్కింది. అక్కణ్ణుంచి వాళ్లది పనిముట్టయింది, మనది నగగానే మిగిలిపోయింది.

1930లో బ్లాంక్‌పెయిన్ కంపెనీ 'రోల్స్' అనే ఆడవాళ్ల ఆటోమేటిక్ వాచీ తెచ్చింది. బిళ్ల తిరగడానికి చోటు లేక, యంత్రం మొత్తం కేసులో అటూ ఇటూ జారేట్టు చేశారు. తర్వాత మూడేళ్లకు, 1933లో, ఆ కంపెనీ పగ్గాలు బెట్టీ ఫియెష్టర్ అనే స్త్రీ చేతికొచ్చాయి. ఆమె హయాంలోనే 1956లో 'లేడీబర్డ్' వచ్చింది. దాని యంత్రం వెడల్పు 12 మిల్లీమీటర్లు కూడా లేదు. అది ఆటోమేటిక్ కాదు, కీ ఇచ్చే వాచీయే. పనితనంగా చూస్తే అబ్బురమే, కాదనను. కానీ యజమాని స్త్రీ అయినా పోటీ మాత్రం ఎంత చిన్నగా చేయగలమన్న దానిమీదే నడిచింది.

మన దగ్గర? తెలుగువాళ్లు చాలామంది ఉండే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టిన టైటాన్, 1992లో ఆడవాళ్ల కోసం 'రాగా' తెచ్చింది. దానికి 2014లో వచ్చిన ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. విమానాశ్రయంలో పాత స్నేహితుడు కలుస్తాడు. ఆమె ఉద్యోగం మానేసి ఉంటే తాము కలిసి ఉండేవాళ్లమంటాడు. నువ్వే మానేయొచ్చుగా అంటుందామె. మంచి ప్రశ్న! కానీ ఆ ప్రశ్న అడిగిన చేతికున్న వాచీ ఇంకా గాజు తరహాలోనే ఉంది. మాట మారింది, వస్తువు మారలేదు.

ఇవన్నీ చెబుతుంటే మా పిల్లకు కోపమొచ్చింది. "అయితే మగవాళ్ల వాచీ పెట్టుకోమంటవా? అందంగ ఉండొద్దా?" అంది. జవాబు తోచలేదు. మర్నాడు ఇద్దరం బస్సెక్కి మిర్యాలగూడలో ఉన్న మా అమ్మ దగ్గరికి పోయాం.

అమ్మ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసింది. తర్వాత మిర్యాలగూడలోనే ఒక రైసు మిల్లులో ఉడికించిన వడ్లు ఆరబోసే పనికి పోయింది. చార్టు చూసి, "నాకెందుకే గడియారం? పొద్దు జూస్తె తెల్వదా?" అని నవ్వింది. కాసేపటికి తనే అందుకుంది. "మిల్లుల మేస్త్రి చేతికుండేది గడియారం. ఆయన పొద్దుగూకిందంటెనే గూకినట్టు. గంట ఎక్కువ జేసినమని మాకెర్కే, ఎట్ల జెప్పాలె?"

అమ్మ పెళ్లికి మా తాత మేకలమ్మి నాయినకు హెచ్.ఎం.టి. వాచీ పెట్టాడు. ఆ రోజుల్లో పెళ్లికొడుకుకు వాచీ, సైకిలు పెట్టాల్సిందే కదా! దానికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చింది అమ్మే. పొయ్యి మీద నీళ్లు కాగుతుంటే గూట్లోంచి తీసి, చెయ్యి తుడుచుకుని, కీ ఇచ్చి మళ్లీ గూట్లో పెట్టేది. నాయిన తీసి పెట్టుకునేవాడు. ఒక్కసారైనా తన చేతికి పెట్టుకుని చూసుకుందా అని అడిగాను. లేదంది. మా నాయిన చేతికి అది ఆటోమేటిక్ వాచీయే మరి! దాన్ని నడిపిన బిళ్ల మా అమ్మ.

మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. రాత్రికి కొత్త కాయితం తీసుకుంది. డయలు 34 మిల్లీమీటర్లకు పెంచింది. మామూలు యంత్రమే అందులో పడుతుంది. అంకెలు పెద్దగా వేసింది. చాలామంది ఆడవాళ్లు డయలును మణికట్టు లోపలివైపుకు పెట్టుకుంటారని, అటునుంచి సూటిగా కనబడేట్టు అంకెల్ని కొంచెం వంచింది. గాజులు రాసుకుని గీతలు పడకుండా అద్దాన్ని అంచుకన్నా లోపలికి దించింది. ఒంటిచేత్తో పెట్టుకునే కొక్కెం గీసింది. వెనక మూతకు అద్దం పెట్టి, లోపల తిరిగే బిళ్ల కనబడేట్టు చేసింది. తీగె మాత్రం వదల్లేదు. బిళ్ల మీద చెక్కింది! "అందం ఆడనే ఉండాలె పెద్దమ్మా, నడిపించేకాడ" అంది. ఈ సమాధానం నాకు తోచింది కాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇంత చవకలో చూసినా ఆటోమేటిక్ వాచీ వేలల్లోనే ఉంటుంది. రోజంతా ఆడే చెయ్యి దాన్ని కొనుక్కోలేదు. కొనుక్కోగలిగిన నా చెయ్యి ఇప్పుడు పుస్తకం పేజీలు తిప్పడానికి తప్ప పెద్దగా ఆడదు. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ మనవరాల్ని అడిగింది. "ఆగిపోదా అది?"

"చెయ్యి ఆడితె ఆగదు అమ్మమ్మా."

"నా చెయ్యి ఎప్పుడాగిందే?" అంది అమ్మ, చాటలో బియ్యం చెరుగుతూనే.