తొలి చాలు

ఏరువాక పున్నమినాడు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, కాడి కట్టి, తొలి చాలు దున్నుట మన రైతునకు ఎట్లు పండుగయో, అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రములైన ఐయోవా, ఇల్లినాయి, ఒహాయోలయందు పాత ట్రాక్టర్లను పొలమునకు దింపి బంధుమిత్రులతో గూడి దున్నుట అచటి రైతులకు అట్టిదే. కాని అచట తిథివారములతో పనిలేదు, నేల పదునెక్కి, శనివారమైన చాలును. వసంతారంభముననో, పంట కోసిన పిమ్మట శరత్తుననో, మొక్కజొన్న దుబ్బులు నిలిచియున్న చేనొకటి ఒక కుటుంబమువారు ఇందులకై విడిచిపెట్టుదురు. అన్నదమ్ములు, మేనల్లుండ్రు, ఇరుగుపొరుగువారు తమ కొట్టములలోని యంత్రములను బండ్లపై నెక్కించుకొని వత్తురు. ఆడువారును మగవారును వండి తెచ్చిన పదార్థములు పొలము గట్టుననే బల్లలపై బారులు తీరును.

ఆ యంత్రముల వంశమును వర్ణమును బట్టియే గుర్తింపవచ్చును. ఎఱ్ఱనిది ఫార్మాల్, పచ్చనిది జాన్ డీర్, నారింజవన్నెది అల్లిస్ ఛామర్స్, బూడిదవన్నెది ఫోర్డ్. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు ఫార్మాల్‌ను వెలువరించుటకు పూర్వము ట్రాక్టరు దుక్కి దున్నెడిదేగాని సాళ్ల నడుమ గుంటక తోలు పని గుఱ్ఱములకే మిగిలియుండెడిది; ఎత్తైన వెనుక ఇరుసు, దగ్గరగా చేర్చిన ముందు చక్రములు గల ఈ యంత్రము పైరునకు హాని కలుగకుండ సాళ్లలో నడచుటతో గుఱ్ఱమునకు ఆ పనియు పోయినది. 1932లో అల్లిస్ ఛామర్స్ వారు ఇనుపమేకుల చక్రములకు మారుగా రబ్బరు టైర్లు తొడిగిరి. జాన్ డీర్ వారు 1960 వరకు రెండే సిలిండర్ల ఇంజనును విడువలేదు. పక్కనున్న బరువైన చక్రమును చేతితో త్రిప్పి రగిల్చినప్పుడు అది చేయు టపటప ధ్వని మైలు దూరమునుండియే తెలియును. వృద్ధులు కొందఱు ఆ చప్పుడు వినుటకే వత్తురనిన అతిశయోక్తి కాదు.

మన పాఠకునకు వీనిలో చుట్టఱికము కలది ఫోర్డ్. 1939లో హ్యారీ ఫెర్గూసన్ అను ఐర్లండు దేశీయుడు హెన్రీ ఫోర్డ్‌తో గూడి తెచ్చిన ఆ చిన్న ట్రాక్టరున నాగలి వెనుక ఈడ్వబడక, మూడు కడ్డీలతో యంత్రమునకే అతుకబడియుండును. నాగలి లోతునకు దిగినకొలది నేల దానిని నిరోధించును; ఆ నిరోధమే పైకడ్డీని ముందునకు నెట్టి, నూనె కవాటమును కదల్చి, నాగలిని పిసరంత పైకెత్తును. ఎంత లోతు దున్నవలయునో నేలచేతనే చెప్పించిన ఈ యుక్తిని మించినది వ్యవసాయ యంత్రములలో అరుదని నా అభిప్రాయము. 1960లో మద్రాసున నెలకొన్న టాఫే వారి మాస్సీ ఫెర్గూసన్ మన గ్రామములకు తెచ్చినది ఈ పద్ధతినే. ఎఱ్ఱ వంశమునకును ఇచట శాఖ కలదు: మహీంద్రా వారు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారితో కలసియే ట్రాక్టర్లు చేయ మొదలిడిరి.

యంత్రములెట్టివైనను, చూడవలసినది నాగటి చాలును. మన కొయ్యనాగలి నేలను చీల్చునేగాని తిరుగవేయదు; కనుకనే ఇరువాలు దున్నుదుము. అచట వాడునది రెక్క నాగలి. ముందుగా పళ్లెమువంటి గుండ్రని కత్తి చెత్తను నిలువుగా కోయును. వెనుకనే కఱ్ఱు అడుగున తెగగోయును. ఒంపు తిరిగిన ఇనుపరెక్క ఆ మట్టిపట్టెను ఎత్తి, మెలిత్రిప్పి, కుడివైపునకు బోర్లించును. రెండు కఱ్ఱుల నాగలిలో ఒక్కొక కఱ్ఱు వెడల్పు 14 అంగుళములైనచో ఒక్కమాఱు 28 అంగుళముల నేల తిరుగబడును. ఆ లెక్కన ఎకరము ముగియుటకు యంత్రము సుమారు మూడున్నర మైళ్లు నడువవలెను. పాత ట్రాక్టరు నడకకు అది ఇంచుమించుగ గంట పని.

తొలి చాలు తీయునప్పుడు ఇతరులు మాటలు మాని చూతురు. చేని ఆవలికొనను గుడ్డ కట్టిన కఱ్ఱ నొకటి పాతి, తోలువాడు దానిపైననే దృష్టి నిలుపవలెను. ముందుచక్రమును చూచెనా, చక్రము వంకరపోయిన పిమ్మటగాని వానికి తెలియదు, ఆ వంకర పిదప వచ్చు ప్రతి చాలునకు సంక్రమించును. ఆవలికొనన కుడికి తిరిగి, మొదట లేచిన మట్టిపట్టెపై రెండవదానిని ఎదురుగా బోర్లించినచో నడుమ చిన్న మిట్ట ఏర్పడును. అదియే కొండ్రకు, అనగా ఒక విడతగా దున్ను చేని భాగమునకు, వెన్నెముక. పిదప దానిని ఎల్లప్పుడును కుడిచేతివైపున ఉంచుకొని తిరుగుదురు. గుడిచుట్టు ప్రదక్షిణము చేయువానికి ఈ విధానమును వేఱుగ నేర్పనక్కఱలేదు. రెండవ చుట్టునుండి కుడిచక్రము చాలులోననే నడచును గనుక ట్రాక్టరు ఒరిగియుండును, ఆసీనుడును దినమంతయు ఒరిగియే కూర్చుండును. నాగలిని మాత్రము మీటలతో సరిచేసి మట్టముగ నిలుపవలెను. చేని కొసను త్రాడు లాగినచో వెనుక ఈడ్చు నాగలి తన చక్రబలముతోనే లేచును. క్షణమాలస్యమైనను కొసలు పండ్లూడిన దువ్వెనవలె కనబడును. రెండు కొండ్రల నడుమ ఆఖరి పట్టె ముగియునప్పుడు మట్టి ఇరువైపులకు పోయి కాలువవంటి గుంట మిగులును. ఈ గుంట ఎంత సన్నమో, ఎంత తిన్ననో చూచియే తోలినవాని పనితనమును తూచెదరు.

రెక్క మెఱుగు మఱియొక రహస్యము. ఆ ప్రేయరీ నల్లమట్టి పోతయినుప నాగళ్లకు బంకవలె అంటుకొనుటచే పూర్వము అడుగడుగునకు నిలిపి గీకవలసి వచ్చెడిది. 1837లో ఇల్లినాయిలోని గ్రాండ్ డీటూర్ గ్రామమున జాన్ డీర్ అను కమ్మరి మెఱుగుపెట్టిన ఉక్కుతో నాగలి చేయగా మట్టి దానంతట జాఱిపోయెను. నేటికిని తుప్పు పట్టిన రెక్కతో వచ్చినవాడు మొదటి గంట దాని మెఱుగు తెచ్చుకొనుటకే వెచ్చించును.

ఇంత చెప్పియు రెక్క నాగలి చేసిన కీడును దాచుట న్యాయము కాదు. పచ్చికవేళ్లు కట్టి నిలిపిన మైదానములను ఎడతెగక తిరుగవేసిన ఫలితము, దానికి తోడైన అనావృష్టి, 1930 దశకమున దుమ్ము తుపానులై ఆ దేశపు దక్షిణ మైదానములను చుట్టుముట్టినవి. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ 'ప్లౌమన్స్ ఫాలీ' అను గ్రంథమున రెక్క నాగలినే దోషిగా నిలిపెను. నేడు అచటి రైతులలో అనేకులు దున్నకయే విత్తుదురు. అందుచే ఈ దినపు దుక్కి జీవనోపాధి కాదు, కొలదిపాటి నేలపై ఆడు ఆట. ఆటగా మిగులుటయే దానికి తగినదనియు, ఆ కొలదిపాటి నేలయైన లేకున్న ఈ విద్య ఒక తరములో మాయమగుననియు నేను తలంతును. లోతు ఎంతో, మీట ఎప్పుడు త్రిప్పవలెనో గ్రంథమున వ్రాయవచ్చును. చాలులో చక్రము నడచునప్పుడు పీఠముద్వారా నడుమునకు తెలియు నేల గట్టితనము వ్రాతకు లొంగునది కాదు. తాత దిగి మనుమని ఎక్కించి, ప్రక్కన నడచుచు చేతితో సైగ చేయుటయొకటే దానికి మార్గము. ఈ ముచ్చటలో ఒక ప్రమాదము కలదు: ఆ కాలపు ట్రాక్టర్లకు బోల్తాపడినప్పుడు కాపాడు చట్రము లేదు, కనుక పిల్లలను మడ్‌గార్డుపై కూర్చుండబెట్టు పాత అలవాటు మానుటయే మేలు.

ప్రొద్దు గ్రుంకకమునుపే నాగళ్లను ఎత్తి, అద్దమువలె మెఱయు రెక్కలను గుడ్డతో తుడిచి, దట్టముగ గ్రీజు పూసి కొట్టములకు చేర్చెదరు. ఒక్క రాత్రి మంచు తగిలినను ఆ మెఱుగు తుప్పుపట్టును.