చలికీ ఎండకూ నడుమ

విత్తనాల పొట్లాల మీద ఎండాకాలం పంట అని రాసి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా విత్తుకోవచ్చంటారు. దేశం మొత్తానికి కలిపి రాసే మాట అది. మన దగ్గర ఏప్రిల్‌లో విత్తిన బీర కూడా మొలుస్తుంది. తీగ పందిరి దాకా సాగుతుంది, పూస్తుంది. పిందె మాత్రం వేలెడు పొడవు కాకముందే పసుపు తిరిగి రాలిపోతుంది. ఎరువు చాలలేదేమోనని ఇంకో గుప్పెడు వేస్తాం. నీళ్లు చాలలేదేమోనని రెండు పూటలా పోస్తాం. లోపం ఎరువుదీ కాదు, నీళ్లదీ కాదు. ఆ గింజ రెండు నెలల ముందే మట్టిలో పడాల్సింది.

పంచాంగం ప్రకారం వసంతమంటే చైత్రం, వైశాఖం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెరడో, బంగ్లా మీద నాలుగు కుండీలో ఉన్నవాళ్లకు మాత్రం అసలు వసంతం రథసప్తమికి మొదలై ఉగాదికి ముగుస్తుంది. ఆదిలాబాద్‌లో పుష్యమాసపు రాత్రులు కొన్నేళ్లు 5 డిగ్రీల కిందికి దిగుతాయి. అదే ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు చూస్తాం. ఒకే కుండీ, ఒకే మట్టి, ఆరు నెలల్లోపు ఈ రెండింటినీ ఓర్వాలి. నడుమ చెట్టు హాయిగా ఊపిరి పీల్చుకునేది ఓ ఆరేడు వారాలు. ఆ వారాల్లో ఏం మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏది వదిలేయాలో కూడా తెలిసినవాళ్లకే మన దగ్గర తోట నిలుస్తుందని నా నమ్మకం.

మా అక్క ఆదిలాబాద్‌లో ఉంటుంది. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఫోన్లన్నీ మొలకల మీదే. కరీంనగర్‌లో నా సొర రెండాకులు వేసిందని చెప్తే, అటునుంచి “మాకు యాడ మొలుస్తదే, ఇంకా దుప్పట్లే మడతవెట్టలే” అంటుంది. నేల చల్లగా ఉన్నన్నాళ్లూ సొర, బీర, కాకర గింజలు మొలవవు, తడికి మెత్తబడి లోపలే కుళ్లుతాయి. అందుకని అక్క రాత్రంతా గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి పక్కన వెచ్చని మూలన పెడుతుంది. కాకర పెంకు గట్టిది కాబట్టి దాని కొసను గోరుగల్లుతో కొంచెం నొక్కి మరీ నానబెడుతుంది. తెల్లటి వేరు ముక్కు బయటికి కనబడ్డాకే మట్టిలో పెట్టడం. ఆ నాలుగు రోజుల వెచ్చదనంతో ఆదిలాబాద్ చలి మింగే రెండు వారాలను ఆమె వెనక్కి తెచ్చుకుంటుంది.

మట్టి సంగతి వేరే. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికి పెట్టింది పేరు, చేనులో అది నీటిని దాచుకునే తీరు గొప్పది. దాన్నే తెచ్చి కుండీలో నింపితే ఒక్క ఎండకే బిగుసుకుపోతుంది, కుండీ అంచు నుంచి విడివడి చుట్టూ సందు ఇస్తుంది. పోసిన చెంబెడు నీళ్లూ ఆ సందు వెంట దిగి అడుగున ఉన్న తూటులోంచి బయటికి పారుతాయి. కింద తడి చూసి చెట్టుకు నీళ్లు అందాయని అనుకుంటాం. వేళ్ల దగ్గర మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. కరీంనగర్ ఎర్ర చెల్కలో ఈ బాధ లేదు కానీ, అది పొద్దున తాగిన నీళ్లు మధ్యాహ్నానికే వదిలేస్తుంది. రెండింటికీ మందు బాగా మాగిన పెంటెరువే. రేగడిలో దాంతోపాటు ఇసుక కూడా కలపాలి. పచ్చిపేడ వేస్తే చెదలూ వేరుపురుగూ వెంటే వస్తాయి.

శివరాత్రి వేళకు చిక్కుడు ముదిరిపోతుంది. అది పొద్దు పొట్టిగా ఉన్నప్పుడు పూసే జాతి, పగళ్లు సాగుతున్నకొద్దీ పూత తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే చిగుళ్ల మీద నల్లగా పేనుబంక కమ్ముతుంది, దాని తీపికి చీమలు బారు కడతాయి. చాలామంది మందు డబ్బా కోసం పరుగెత్తేది ఇక్కడే. కొంచెం ఆగి, ఆకు తిప్పి చూడాలి. పేనుబంక మధ్యలో బూడిదరంగు ఒంటి మీద నారింజ చుక్కలతో, గోటి కొస అంత మొసలిపిల్లలా ఒక పురుగు పాకుతుంటుంది. చూడటానికి భయంగా ఉంటుంది, నలిపేయబుద్ధవుతుంది. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయ్యాక ఎర్రగా, నున్నగా, ముద్దొచ్చేలా ఉండే ఆ పురుగు పిల్లప్పుడు ఇలా ఉంటుందని తెలియక మన చేతులతో మనమే చంపుకుంటాం. ఒక్కో పిల్ల పెద్దయ్యేలోగా వందలకొద్దీ పేనుబంకను తింటుంది. మందు కొడితే ముందు చచ్చేది ఇదే. నీళ్లు జోరుగా కొట్టి పేనుబంకను కొంత రాల్చి, మిగతాది వీటికి వదిలిపెడితే వారంలో చిగురు తేటపడుతుంది. ఆ వారం ఓపిక పట్టడం కష్టం. పట్టినవాళ్లకు దొరికే సంతోషం ఏ మందు సీసాలోనూ ఉండదు.

సొరపూత దగ్గర ఇంకో సంతోషం ఉంది. తీగ పూత మొదలుపెట్టగానే వచ్చేవన్నీ మగపూలే. కొత్తగా తోట పెట్టినవాళ్లు పూలు రాలుతున్నాయని దిగులుపడతారు. మా పక్కింటి అవ్వ నా తీగ చూసి “గవి మొగపూలు బిడ్డా, రాలేటియే. పిందె ఉన్న పువ్వు రాంగనే నన్ను పిలువు” అంది. ఆడపువ్వు వచ్చిన రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బంగ్లా ఎక్కింది. సొర, బీర పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున. సొరపువ్వును వెతుక్కుంటూ వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. పట్నంలో మూడో అంతస్తు మీదికి అవి రావడం తక్కువ. అవ్వ సన్నని కాడ ఉన్న మగపువ్వును తుంచింది, తెల్లని రేకులు ఒలిచి పక్కన పెట్టింది, మిగిలిన పుప్పొడి మొనను ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దింది. ఆ పువ్వు కింద బొటనవేలంత పిందె, దాని మీద తెల్లని నూగు. మూడో రోజుకు ఆ పిందె తొడిమ లావెక్కి, బరువుకు కిందికి వంగితే పట్టినట్టు. కొస నుంచి పసుపు తిరిగితే పోయినట్టు. నాది వంగింది. రెండు వారాల్లో కూరకొచ్చే సొరకాయ అయింది. పుప్పొడి చేరలేదన్న చిన్న సంగతి తెలియక ఎన్ని ఇళ్ల మీద ఎన్ని తీగలు వట్టిగా పీకేశారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి చూపించాక తెలంగాణలో మిద్దెతోటలు ఊరూరా వచ్చాయి. మా కరీంనగర్ వాడల్లోనూ వచ్చాయి. ఒకటి మాత్రం మా దగ్గర ఎక్కువ. కోతులు. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్, ఎక్కడ చూసినా ఇదే గోడు. టమాట తెంపి ఒక్క కొరుకు కొరికి పారేసి ఇంకోటి తెంపుతాయి. కుండీ మట్టి తవ్వి విసురుతాయి. నెలరోజులు పెంచిన తీగ ఒక్క పూటలో నేల మీద ఉంటుంది. చేతికొచ్చిన కాయ పోయినందుకు ఏడ్చిన ఆడవాళ్లను నేను చూశాను, అది చిన్న బాధేమీ కాదు. నిర్మల్ దగ్గర చించోలి(బి)లో 2020 డిసెంబరులో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి తిరిగి అడవిలో వదలడం దాని పని. సరైన ఆలోచనే. జిల్లాకొకటి ఉండాల్సిన కేంద్రం. అడవుల్లో పండ్లచెట్లు పెరిగేదాకా, ఈ ఆపరేషన్ల ఫలితం కనబడేదాకా మన బంగ్లా మీద ఇనుప జాలీ తప్పదు. జాలీ కొనే స్తోమత లేనివాళ్లు కాకర, పసుపు, అల్లం పెట్టుకుంటున్నారు. మా వాడలో కోతులు వాటి జోలికి పోవడం తక్కువ.

రాళ్లవానకు జాలీ కూడా అడ్డం పడదు. మార్చిలో నేల కాగి, వేడిగాలి పైకి లేచే వేళకు బంగాళాఖాతం మీంచి తేమ వచ్చి చేరితే, ఆ మేఘం ఎత్తుకు పోయి గడ్డకట్టి మన నెత్తిన పడుతుంది. 2023 మార్చి మూడో వారంలో పడిన రాళ్లవాన ఉత్తర తెలంగాణ మరిచిపోయేది కాదు. మామిడి పిందె నేల మీద పరుచుకుంది, మక్కచేన్లు పడుకున్నాయి. ఆ నెల 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌కు వచ్చి పంటలు చూశారు. నష్టపోయిన రైతులకు ఎకరానికి 10 వేల రూపాయలు ప్రకటించింది ఆ పర్యటనలోనే. ఆ వారం మా ఇళ్ల మీద సొరాకులు చిల్లులు పడి, పందిళ్లు కూలాయి. మాకు పోయింది నాలుగు రోజుల కూర. అదే రాళ్లు పడిన ఎకరాల్లో ఒక ఇంటి ఏడాది బతుకు ఉంది. కుండీలో చెట్టు పెంచిన ప్రతివాళ్లూ ఆ రోజు టీవీలో లక్ష్మీపూర్ చేన్లను వేరే కళ్లతో చూశారని నాకు తెలుసు. ఆ మర్నాడు కూరగాయల బండి దగ్గర బేరమాడబుద్ధి కాలేదని మా వాడలో ఒకావిడ నాతో అంది.

ఇక వదిలేయడం గురించి. మార్చి చివరికి టమాట చెట్టు ఇంకా పచ్చగానే ఉంటుంది, పూస్తూనే ఉంటుంది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే దాని పుప్పొడిలో సత్తువ ఉండదు, పూత పూసినట్టే పూసి రాలుతుంది. అప్పటినుంచి ఆ చెట్టు తాగేవి వట్టి నీళ్లు, పెంచేది తెల్లదోమను. ఆ తెల్లదోమే పక్కన లేతగా లేస్తున్న బెండకు పల్లాకు తెగులు మోసుకుపోతుంది. “గా రాములక్కాయ చెట్లు ఇంక పీకెయ్ బిడ్డా, బెండ ఆగమైతది” అని అవ్వ అన్నప్పుడు నాకు మనసొప్పలేదు. అయినా ఆమె మాటే నిజం. వంకాయ చెట్టును మాత్రం పీకొద్దు. జానెడు మోడు ఉంచి కత్తిరిస్తే ఎండంతా ఓర్చి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. మిరపనూ కొంతవరకు అలా కాపాడుకోవచ్చు.

మల్లెచెట్టు ఉన్న ఇంట్లో ఈ కత్తిరింపు ఎవరికీ కొత్త కాదు. జనవరిలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి మోడుగా నిలబెడతారు. చూడవచ్చిన చుట్టాలు చెట్టు చచ్చిందనుకుంటారు. ఫాల్గుణంలో తడి అందగానే ప్రతి కోసిన చోటా రెండు చిగుళ్లు, ప్రతి చిగురుకూ మొగ్గలు. చైత్రం సాయంత్రాలు మా వాడంతా ఆ వాసనే. నిర్మల్ ఘాట్ ఎక్కి ఆదిలాబాద్ పోయే తోవలో ఫాల్గుణానికే మోదుగులు కూడా ఆకంతా రాల్చేసి ఉంటాయి, వట్టి కొమ్మల మీద ఎర్రగా పూలు. ఆ పూలు ఉడకబెట్టి హోలీ రంగు చేసుకునే గూడేలు ఇప్పటికీ ఉన్నాయి.

ఉగాది దాటాక కొత్తగా విత్తదలచుకుంటే మన ఎండకు పుట్టినవే విత్తాలి. గోకరకాయ, తోటకూర, బచ్చలి, పుంటికూర. గంగవాయిలి అయితే విత్తే పని కూడా లేదు, ఖాళీ కుండీలో తానే లేస్తుంది, పప్పులో వేస్తే దాని పులుపుకు సాటి లేదు. కుండీలను స్లాబుకు ఆనించకుండా ఇటుకల మీద నిలపాలి, సగం ఎండను ఆపే ఆకుపచ్చ జాలీ కట్టాలి, మట్టి మీద వరిగడ్డి పరచాలి. నీళ్లు పొద్దెక్కకముందే పోయాలి. వెనకటి ఇళ్లలో జాలారి నీళ్లు పారే చోట అరటో బొప్పాయో ఉండేది, ఎండాకాలంలో దానికంటూ ఒక చెంబు కూడా పోయాల్సి వచ్చేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్లో పట్టుకుంటే పది కుండీలకు సరిపోతాయి.

శివరాత్రికి ముదిరిన ఆ చిక్కుడు తీగ మీద నాలుగు కాయలు ఎండనిచ్చాను. పసుపు తిరిగి, తోలు ముడతపడి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా. ఉట్నూరు, జైనూరు వైపు ఇళ్ల వెనక దడి మీద కూడా ఆ రోజుల్లో కాయలు ఇలాగే ఎండుతుంటాయి, వచ్చే వానాకాలానికి అదే విత్తనం. గింజలు ఒలిచి, నీడన రెండు రోజులు ఆరబెట్టి, జల్లించిన బూడిదలో కలిపి, నాలుగు ఎండు వేపాకులు వేసి సీసాలో పోశాను. సగం అక్కకు, ఆదిలాబాద్ పోయే ఎవరి చేతనైనా పంపాలి. ఆమె దగ్గర పొట్టి కాకర ఉంది, దాని విత్తనం నాకు కావాలి. చిక్కుడు తీగ ఉన్నవాళ్లు రెండు మూడు మంచి కాయలు కోయకుండా వదిలేయండి, తీగ మొదట్లో కాసిన నిండు కాయలైతే మేలు. మృగశిరకు విత్తుకోవచ్చు.