లిజవేత మాటేమిటి?

దోస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది హీరో రాస్కల్నికోవ్ పోలీసు స్టేషన్‌లో నేరం ఒప్పుకోవడంతో కథ తేలిపోయిందనుకుంటారు. చంపాడు, నలిగాడు, ఒప్పుకున్నాడు, సోన్యా అనే యువతి ప్రేమతో బాగుపడ్డాడు. నేనలా చదవలేను. నేరం ఒప్పుకోవడానికీ పశ్చాత్తాపపడడానికీ మధ్య ఎంత దూరముందో చూపించడమే ఈ నవలలో రచయిత చేసిన అసలు పని.

ఆ దూరం తెలియాలంటే లిజవేతను చూడాలి. తాకట్టు వ్యాపారి అల్యోనా ఇవానొవ్నాను చంపడానికి రాస్కల్నికోవ్ దగ్గర ఒక సిద్ధాంతం ఉంది: అసాధారణ వ్యక్తులకు అడ్డొచ్చిన ప్రాణం తీసే హక్కుంటుందని. అనుకోకుండా ఇంటికొచ్చిన ఆమె చెల్లెలు లిజవేతను చంపడానికి ఏ సిద్ధాంతమూ లేదు. అయినా కుమిలిపోతున్నన్నాళ్లూ ఆమె అతనికి దాదాపు గుర్తే రాదు, ఒకచోట అది తనకే వింతగా తోస్తుంది. నెపోలియన్‌లాంటి అసాధారణ వ్యక్తిని కాలేకపోయాననే అతని బాధంతా. సోన్యా ముందు కూడా చంపుకున్నది తనను తానేనంటాడు. సెన్నయా కూడలిలో మోకరిల్లి నేలను ముద్దాడినా, తాగుబోతనుకుని జనం నవ్వేసరికి నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది. సైబీరియా జైల్లోనూ తన తప్పల్లా తట్టుకోలేక లొంగిపోవడమేనని అనుకుంటాడు. ఎనిమిదేళ్ల శిక్ష తేలికైనదే. తనంతట తాను వచ్చి ఒప్పుకున్నందుకు కోర్టు దయ చూపింది, అలా జరుగుతుందని దర్యాప్తు అధికారి పోర్ఫిరీ ముందే ఆశపెట్టాడు కూడా. ఇక పెయింటర్ కుర్రాడు మికోల్కా, బాధలు అనుభవించాలన్న తపనతో చేయని హత్యను నెత్తినేసుకుంటాడు. ఒకడు చేయని నేరానికి కుమిలిపోతాడు, మరొకడు పశ్చాత్తాపపడకుండానే చేసిన నేరం ఒప్పుకుంటాడు.

మొదట ఈ కథను హీరో నోటితోనే రాసుకొచ్చిన దోస్తోయెవ్‌స్కీ, 1865 చివర్లో ఆ ప్రతిని తగలబెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. 1866లో పత్రికలో వచ్చింది బయటి కథకుడు చెప్పిన నవల. ఆ మార్పు వల్లే మనకు లిజవేత దక్కిందనిపిస్తుంది. తన కథ తాను చెప్పుకునేవాడు తన మరపును అంత నిలకడగా చూపించలేడు.

మరి చివర్లో రాస్కల్నికోవ్‌లో వచ్చే మార్పు మాటేమిటి, అది అతికించినట్టు లేదా అని విమర్శకులు అడుగుతూనే ఉన్నారు. ఆ కొద్ది పేజీలు హడావుడిగా ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడ రచయిత ఏం చూపించాడో కూడా చూడాలి. ఖైదీ తలగడ కింద సోన్యా కొత్త నిబంధన ప్రతి ఉంది. చనిపోయి లేచిన లాజరస్ కథను సోన్యా అతనికి చదివి వినిపించిన ఆ ప్రతిని ఆమెకు తెచ్చిచ్చింది లిజవేతే. లిజవేత శిలువ కూడా సోన్యా దగ్గరే ఉంది. చచ్చిపోయిన మనిషికి జరగాల్సిన స్మరణ అంతా ఇన్నాళ్లూ సోన్యాయే చేసింది. అతను ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు గానీ తెరవనైనా లేదు. అతను కొత్త మనిషి కావడం మరో కథ అని చెప్పి రచయిత ముగించాడు. ఆ కథ రాయనేలేదు. రాయని కథ నమ్మశక్యంగా లేదనడం విమర్శకుల తొందర.