లాంఛనం: ఒక రాజచిహ్నపు మాట, దాని అర్థ పరిణామం

పరిచయం
'లాంఛనంగా ప్రారంభించారు' అని పత్రికలో చదివినప్పుడు మనకు తోచే అర్థం 'పద్ధతి ప్రకారం' అని. పెళ్ళి మాటల్లో 'లాంఛనాలు' అంటే ఇచ్చే కానుకలు. ఈ రెండింటి వెనుకా ఒక రాజముద్ర ఉంది. గుర్తు నుంచి కానుక దాకా ఈ మాట ఎలా వచ్చిందో, ఆ ప్రయాణంలో ఏమి దాచిపెట్టిందో పరిశీలిద్దాం.

మూలార్థం
సంస్కృతంలో లాంఛనమంటే గుర్తు, మచ్చ. కుందేటి మచ్చ ఉన్నందున చంద్రుడు శశలాంఛనుడయ్యాడు. జైనులు ఒక్కొక్క తీర్థంకరుని ఒక్కొక్క లాంఛనంతో గుర్తిస్తారు. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో పార్శ్వనాథుని విగ్రహం బయటపడింది. ఆయన లాంఛనం సర్పం.

రాజచిహ్నం
నారాయణుని అనుగ్రహంవల్ల తమకు వరాహలాంఛనం లభించిందని, దాన్ని చూసినంతనే శత్రురాజులు లొంగిపోతారని బాదామి చాళుక్యులు శాసనాల్లో చెప్పుకున్నారు. కర్నూలుకు దగ్గరలో, తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న అలంపురం నవబ్రహ్మ ఆలయాలు వారి కాలానివే. విజయనగర రాజుల చిహ్నమూ వరాహమే. వారి బంగారు నాణేనికి 'వరహా' అనే పేరు దానివల్లనే వచ్చింది. చిహ్నం పేరు వస్తువుకు చెల్లడం లక్ష్యార్థం. అయితే ఆ నాణేలలో చాలావాటిపై కనిపించేది వరాహం కాదు. ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, గండభేరుండం. బొమ్మ మారినా పేరు చెల్లింది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చిన తరువాత కూడా కడప సీమలో శిస్తును వరహాల్లో లెక్కించారు.

నేటి ప్రయోగాలు
'అధికార లాంఛనాలతో అంత్యక్రియలు' అన్నప్పుడు జాతీయ పతాకం, తుపాకుల వందనం గుర్తుకు వస్తాయి. ఇక్కడ పాత అర్థం బతికే ఉంది. 'గెలుపు ఇక లాంఛనమే' అన్నప్పుడు మాట బరువు తగ్గింది. ఇది అర్థాపకర్షం.

పెళ్ళి మాటల్లోని ప్రయోగం వేరు. 'కట్నం వద్దు, ఆడపడుచు లాంఛనాలు జరిపిస్తే చాలు' అంటారు. ఇది సభ్యోక్తి. కట్నమంటే బేరమాడవచ్చు, లాంఛనమంటే బేరమాడడం మర్యాద తప్పినట్లు అవుతుంది. అడిగినవారి కోరిక ఆచారంగా మారి, ఇవ్వలేనివారి లేమి అగౌరవంగా మారుతుంది. చూపినంతనే ఎదుటివారిని లొంగదీసే రాజముద్ర గుణం ఈ మాటలో ఇంకా మిగిలింది ఇక్కడే. వాన మీద ఆధారపడి వేరుశనగ పండించే కుటుంబం ఏ పేరుతో ఇచ్చినా చేసే అప్పు ఒక్కటే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా పేరును చూడదు. పెళ్ళికి సంబంధించి అడిగారా, ఇచ్చారా అన్నదే చూస్తుంది.

సారాంశం
నిఘంటువు 'గుర్తు', 'మర్యాద', 'కానుక' అనే అర్థాలను పక్కపక్కన ఉంచుతుంది. ఎవరు, ఎవరితో, ఏ అధికారంతో ఆ మాట అంటున్నారో చూడడం విమర్శకుని పని. ప్రాచీన కావ్యంలో 'లాంఛనం' కనిపిస్తే నేటి 'నామమాత్రం' అనే అర్థాన్ని దానికి అంటగట్టరాదు. నేటి మాటలో అది వినిపిస్తే పాత ముద్ర బరువును మరవరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
మీ ఊరి పెళ్ళి మాటల్లో వినిపించే సభ్యోక్తులు మూడింటిని రాసి, అవి ఏమి దాస్తున్నాయో వివరించండి.